పైపులో గబ్బిలం లేదు

చిట్టా 1. గదిలో 24 డిగ్రీలు

"నాపగుంత నివాసులందరికీ తెలియజేయడమేమనగా, దండోరా గది గోడ మీద చిరకాలంగా కాపురముంటున్న బల్లి ఈ ఉదయం రెండు గుడ్లు పెట్టినది. తల్లి క్షేమం. గుడ్లు క్షేమం. తండ్రి ఆచూకీ తెలియరాలేదు. ఈ శుభవేళను పురస్కరించుకుని ప్రతి ఇంటివారూ మధ్యాహ్నం ఊపు సమయాన తమ తమ తూములు ఒక్క నిమిషం మూసి ఉంచి గౌరవం ప్రకటించవలసిందిగా కోరడమైనది."

పొద్దున మైకులో నేను చదివిన వార్త ఇది. చదివేటప్పుడు గొంతులో ఎక్కడా నవ్వు తగలనివ్వలేదు. పనితనమంటే అదే.

నా పేరు గిడ్డయ్య. ఏడో తరగతి సగంలో బడి నన్ను మానేసింది. యాభై దగ్గరపడుతున్నా నోరు తప్ప నాకు వేరే ఆస్తి లేదు. ఆ నోటికే ఊళ్ళో దండోరా ఉద్యోగం ఇచ్చారు. మైకులో చెప్పిందీ, ఊళ్ళో జరిగిందీ ఈ మిషనులో మాట్లాడి పెట్టాలని రూలు. ఇంతవరకు ఒక్కడూ విన్న పాపాన పోలేదు కాబట్టి ఇక్కడ నేనే రాజుని.

మా ఊరు ఒకప్పుడు నాపరాయి గని. రాయి అయిపోయింది, గుంత మిగిలింది. పైన ఎండ యాభై రెండు దాటాక మనుషులు దిగొచ్చి ఆ గోడల్లో గదులు తొలుచుకున్నారు. ప్రతి గది గోడకీ ఒక తూము. అడుగున ఉన్న కంపెనీ ప్లాంటు నుంచి పెద్ద పైపులో చల్లగాలి వచ్చి తూముల్లో పడుతుంది. తూము పక్కన పలక మీద కార్డు గీకితే చలువ. ఎండాకాలమంతా అప్పు మీద గీకుతూ నెలనెలా కొంచెం కడతాం, అసలు చలికాలంలో తీరుస్తాం. ఇది కాక రోజూ పన్నెండింటికి ఊపు అని ఒకటుంది. ఎండ నడినెత్తికొచ్చే వేళకి ప్లాంటు మంచుగాలిని ఒక్క పెట్టున పైపులోకి తోస్తుంది. పావుగంట సేపు పైపు లోపల నీళ్ళు కూడా రాయైపోతాయి.

బల్లి మీద గౌరవంతో తూములు మూసినవాళ్ళు ఊళ్ళో ముప్పాతిక మంది తేలారు. గాలికి దారి లేక పెద్ద పైపు తలుపు దానంతటదే ధడేల్మని పడిపోయింది. గుంతంతా గంటసేపు చెమటలు కక్కింది.

పైపుల మేస్త్రీ మద్దిలేటి భుజాలు పిసుక్కుంటూ వచ్చాడు. మా వరుసలోనే ఉంటాడు.

"నీ బల్లి పాడుగాను గిడ్డన్నా! ఆ తలుపు మళ్ళ లేపేతలికి నా రెట్టలు పడిపాయ."

"గుడ్లు పెట్టింది బల్లి. నొప్పులు నీకొచ్చినాయా అబ్బీ?"

"నవ్వుకో. ఇంగ నువ్వు మైకులో నిప్పంటుకున్యాదని చెప్పినా తూము మూసేటోడు ఉండడు, సూస్కో."

కంపెనీ రెండు వేలు జరిమానా వేసి నా కార్డు మీద రాసింది. ఏ కార్డు మీద అని నా పెళ్ళాం సుంకులమ్మ అడగలేదు. అడిగుంటే చిక్కే.

చిట్టా 2. 24 డిగ్రీలు

మా ఊళ్ళో కార్డు అంకె, అంటే కార్డు మీద అప్పెంతో, నోటితో చెప్పరు. పెళ్ళానికి మొగుడు చెప్పాలన్నా తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి చెప్పాల్సిందే. పూర్వం పశువుల సంతలో దళారులు ఎద్దుల బేరం ఇలాగే చేసేవాళ్ళట. ఆ ఎద్దులు పోయాయి, తువ్వాలు మిగిలింది. దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడినవాళ్ళని చాలామందిని చూశాను, అందులో నేనూ ఉన్నాను. అంకెతో పరాచికాలాడిన మనిషిని మాత్రం చూడలేదు. ఎంత చెడ్డా నేను కూడా ఆడలేదు.

సుంకులమ్మకి నేను తువ్వాలు కింద నొక్కిన అంకె ఒక కార్డుది. నా దగ్గర నాలుగున్నాయి.

మూడేళ్ళుగా వాటిని గానుగెద్దులా తిప్పుతున్నాను. రెండోది గీకి ఒకటోదాని మినిమమ్ కడతాను, మూడోది గీకి రెండోదానికి. మినిమమ్ కడితే చాలని వాళ్ళే చెప్తారు. పైన వాన పడుతుంటే గుంతలో నీళ్ళు చెంబుతో తోడడం లాంటిదది. చెయ్యి ఆడుతుంటుంది కాబట్టి పని జరుగుతున్నట్టే ఉంటుంది. నిన్న నాలుగోది గీకితే పలక ఎర్రగా వెలిగింది. తుడిచి గీకాను. ఎరుపే. కార్డుని చొక్కాకి రుద్ది, దణ్ణం పెట్టి గీకాను. ఎరుపే.

మధ్యాహ్నం వసూళ్ళ గొంతు ఫోన్ చేసింది. అది మనిషి కాదు, మిషను. కానీ మేనత్తలా మాట్లాడుతుంది.

"నమస్కారం గిడ్డయ్య గారూ. భోజనం చేశారా?"

నేను ముసలమ్మ గొంతు పెట్టాను. "గిడ్డయ్య యాడుండాడు తల్లీ! పోయినాడు. ఆదివారం దినం. తప్పకుండా రాండి, వంకాయ కూర చేస్తాండాం."

"మా ప్రగాఢ సానుభూతి. మరణ సమాచారం నమోదు చేసుకున్నాం. అయితే మీ గొంతు, ఆయన గొంతు ఒకటేనని తెలుస్తోంది. కనీస మొత్తం శుక్రవారంలోగా చెల్లించగలరు. లేనిచో మీ వరుసకు కోత మొదలవుతుంది."

'మీ వరుసకు' అన్నచోట నా నవ్వు ఆగిపోయింది.

మా మూడో వరుసలో అయిదిళ్ళు. కంపెనీ కార్డులిచ్చేటప్పుడే అయిదిళ్ళకీ కలిపి పూచీ రాయించుకుంది. ఒకడు కట్టకపోతే అయిదిళ్ళ చలువా డిగ్రీ డిగ్రీ తగ్గుతుంది. ఎవడి వల్లో కంపెనీ చెప్పదు. మీలో మీరే తేల్చుకోండంటుంది.

చిట్టా 3. 26 డిగ్రీలు

కోత మొదలైంది. పొద్దున్నే అయిదిళ్ళవాళ్ళూ గడపల్లోకి వచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ అడగరు. అంకె అడగడం కన్నా ఎదుటివాడి బట్టలు విప్పమనడం నయం మా దగ్గర. కానీ చూపులు ఊరుకోవు కదా. అవన్నీ నెమ్మదిగా వెళ్ళి చివరింటి మాబున్ని మీద ఆగాయి.

మాబున్ని గదిలో సగం చోట మంచాలుండవు, పుట్టగొడుగుల సంచులుంటాయి. గడ్డి నింపిన సంచులు వరసగా వేలాడుతుంటాయి. మొగుడు ఫకృద్దీన్ పైన ఇంకో గనిలో రాత్రి షిఫ్టులో రాయి కోస్తాడు. ఆ సంచుల కోసం ఈ ఏడు ఆమె పెద్ద కార్డు తీసుకుందని అందరికీ తెలుసు. గది ఇరవై ఆరు దాటితే గొడుగు లేవదు. ముప్పైకి పోతే గడ్డే కుళ్ళుతుంది.

"నేను కట్టినా," అంది మాబున్ని ఎవరూ అడక్కుండానే. "అల్లా మీద ఆన, పోయిన నెలే కట్టినా. నన్నెందుకు జూస్తాండారు అట్ల?"

నాకు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు. ఒక ఆడమనిషి మీద ఊరికే మాట పడుతుంటే చూస్తూ ఊరుకోకూడదనిపించింది. అందుకే నోరు విప్పాను.

"కోత కాదు ఏం కాదు. మన వరుస పైపులో గబ్బిలం దూరింది. తెల్లార్జామున నేను విన్యా."

"గబ్బిలమా?" అన్నాడు మద్దిలేటి. "జాలీ ఉండాది గదన్నా పైన?"

"జాలీ నువ్వేసిందే గదా. అందుకే దూరింది."

నలుగురూ నవ్వారు. అదీ నా విద్య. నవ్విన మనిషి లెక్క చూడడు. పదింటికి మైకులో అధికారికంగా ప్రకటించాను. "మూడో వరుస పైపులో గుర్తుతెలియని గబ్బిలం అక్రమంగా నివసిస్తున్నది. అద్దె బకాయి ఉన్నట్టు సమాచారం."

చిట్టా 4. 28 డిగ్రీలు

గబ్బిలం కోసం ఊరంతా కదిలింది. మద్దిలేటి సాయంత్రం చల్లబడ్డాక పైపులో రెండు కీళ్ళు, అంటే రెండు అతుకుల దాకా పాక్కుంటూ పోయి, మసి పూసుకుని వెనక్కొచ్చాడు. ఏమీ లేదన్నాడు. కంపెనీకి ఫిర్యాదు పెడదామన్నాడు. "వాళ్ళు పెనాల్టీ వేస్తారబ్బీ, జాలీ నీదే గదా," అన్నాను. ఊరుకున్నాడు. మంచివాణ్ణి భయపెట్టడం చాలా తేలిక.

సుంకులమ్మ తను పనిచేసే రాళ్ళ పాలిష్ షెడ్డు నుంచి వచ్చి, ముఖాన రాతిదుమ్ము కడుక్కోకుండానే తూము ముందు అరచెయ్యి పెట్టి చూసింది. అన్నం చివర్లో మజ్జిగ పోస్తూ అంది.

"గబ్బిలమైతే ఒకపారి గాలి వొస్తాది, ఒకపారి ఆగుతాది. ఇది కొలిచినట్ల తగ్గుతాండాది."

"కొలత తెలిసిన గబ్బిలమేమో."

"నేను నవ్వలేదు, సూడు."

చూశాను. నవ్వలేదు. నేను మజ్జిగ తాగేశాను.

ఎవరైనా ఈ చిట్టా వింటే నన్ను మరీ పనికిమాలినవాడనుకోకూడదు కాబట్టి, ఈ అప్పు ఎలా వచ్చిందో చెప్తాను. మా అమ్మ ఆఖరి ఎండాకాలం. గుండెజబ్బుతో మంచం పట్టింది. డాక్టరు గది ఇరవై దాటకూడదన్నాడు. మూడు నెలలు రేయింబవళ్ళు తూము పూర్తిగా విప్పి పెట్టాను. ఒక కార్డు చాల్లేదు, ఇంకోటి తీసుకున్నాను. తల్లి కోసం గీకిన కార్డు. ఏ కొడుకైనా చేసే పనే.

చిట్టా 5. 29 డిగ్రీలు

ఈ రోజు నిజం చెప్పేద్దామని మాబున్ని ఇంటికి పోయాను. చెప్పులు విడుస్తూ మొదటి మాట నాలుక చివర పెట్టుకున్నాను.

గదంతా పుల్లటి వాసన. ముందు వరస సంచుల్లో గొడుగులు నల్లబడి, జారిపోయి, ఉమ్మినట్టున్నాయి. ఆమె వాటిని కోసి బకెట్లో పడేస్తోంది.

"కూసో అన్నా. పాడుగానివి ఏరి కూర చేసినా, తిని పో. ఎట్లా అమ్మేదానికి రావు."

గిన్నె చేతిలో పెట్టింది. తిన్నాను. చాలా బాగుంది. ఆ రుచికి నాలుక చివరి మాట కాస్తా లోపలికి జారింది.

"వెనకాల వరస ఇంగా బతికుండాది," అంది. "అది కూడా పోతే చలికాలానికి కార్డు కట్టలేను. ఆయనకు తువ్వాలు కింద ఏం నొక్కల్ల నేను? గిడ్డన్నా, అది నిజంగా యాడ ఉండాదంటావ్, ఆ గబ్బిలం? మద్దిలేటన్న ఏం లేదంటాండాడు."

ఇక్కడే లేచి వచ్చేయాల్సింది. కానీ ఒకరు నన్ను నమ్మి, నోరు తెరుచుకుని వింటుంటే నాకు పూనకం వస్తుంది. తూము దగ్గరికి పోయి చెవి పెట్టాను. పెదాలు బిగించి, గొంతు లోపల్నుంచి సన్నగా "కిచ్, కిచ్" అన్నాను. అటు తిరిగి ఉన్నాను కాబట్టి ఆమెకి కనబడలేదు.

"విన్యావా? మూడో కీలు దాటినంక వంపు ఉండాది గదా, ఆ మూల."

"విన్యా!" అంది మాబున్ని. ఆమె కళ్ళలోకి వెలుగొచ్చింది. "పాపం, పిల్లదేమో అన్నా. గొంతు చిన్నగుండాది."

చిట్టా 6. 30 డిగ్రీలు

ఇది ఈ రోజు మధ్యాహ్నం సంగతి.

పదకొండున్నర దాటింది. దండోరా గదిలో కూర్చుని, తప్పిపోయిన మేక మీద ఒక ప్రకటన తయారు చేసుకుంటున్నాను. సుంకులమ్మ మెట్లెక్కి పరిగెత్తుకుంటూ వచ్చింది. షెడ్డులో పని వదిలేసి వచ్చిందంటే ఏదో అయిందని అప్పుడే అర్థమైంది.

"మాబున్ని పైపులో దూరింది. నీ గబ్బిలాన్ని పట్టేదానికి."

"ఎప్పుడు?"

"ఇంతకు ముందే. నేను మజ్జిగ ఇచ్చేదానికి పోతే తూము జాలీ ఊడదీసి ఉండాది, కింద చెప్పులుండాయి. పిలిస్తే లోపల్నుంచి పలికింది. మూడో కీలు కాడ కాలు ఇరుక్కున్యాదంట. మద్దిలేటి తాడేసుకోని వెనకాలే పోయినాడు, ఆయప్ప భుజాలు రెండో కీలు దాటలేదు. ఊపు టైమయితాంది!"

ప్లాంటులో మనిషంటూ లేడు, అన్నీ మిషన్లే. కంపెనీకి ఫోన్ చేశాను.

"నమస్కారం గిడ్డయ్య గారూ. భోజనం చేశారా?"

"అమ్మా, పన్నెండింటి ఊపు ఆపండి. పైపులో మనిషుంది."

"మీ వరుస బకాయిలో ఉన్నందున ఫిర్యాదు సౌకర్యం నిలిపివేయబడింది. కనీస మొత్తం చెల్లించిన వెంటనే పునరుద్ధరిస్తాం."

"మనిషి చచ్చిపోతాదమ్మా!"

"మా ప్రగాఢ సానుభూతి. ఇటీవల గిడ్డయ్య గారు మరణించినట్లు కూడా మీ నుంచే సమాచారం అందింది."

ఫోన్ పెట్టేశాను. మిషను కూడా నేర్చుకుంది నా సంగతి.

ఇక మిగిలింది ఒకటే. బల్లి రోజున పడ్డ తలుపు. దాన్ని చేత్తో దించలేం, కానీ ఊళ్ళో తూములన్నీ మూసుకుంటే గాలికి దారి లేక పెద్ద తలుపు పడిపోతుంది. మైకు అందుకున్నాను.

"అందరూ తూములు మూయండి. ఇప్పుడే, ఈ నిమిషమే మూయండి. పైపులో మాబున్ని ఇరుక్కునింది. ఇది గిడ్డయ్య చెప్తున్నాడు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. గుంత అన్ని అంచుల నుంచీ నవ్వు లేచింది. దండోరా గది కిటికీలోంచి అన్ని వరుసలూ కనబడతాయి. జనం గడపల్లో నిలబడి పొట్టలు పట్టుకుంటున్నారు. ఎవడో అరిచాడు.

"ఏం గిడ్డన్నా, ఈపారి బల్లికి కవలలా?"

"సచ్చే ఎండలో తూము మూయాల్నంట! పోవప్పా!"

"నిజం!" అన్నాను. "నా తోడు, మా అమ్మ తోడు, నిజం!" ఒట్లు పెరిగే కొద్దీ నవ్వు పెరిగింది. ఇన్నేళ్ళూ ఆ నవ్వు కోసమే బతికాను. ఆ నిమిషాన ఆ నోళ్ళన్నీ మట్టితో కుక్కేయాలనిపించింది.

కింద ఎక్కడో ప్లాంటు మూలిగింది. ఊపుకి ముందు అలా మూలుగుతుంది. సుంకులమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

వాళ్ళు నమ్మేది ఈ లోకంలో ఒక్కటే ఉందని అప్పుడు తట్టింది. ఆమె వైపు చూడకుండా మైకుకి నోరు ఆనించాను.

"నేను గిడ్డయ్యను. మూడో వరుస, రెండో ఇల్లు. నాకు కార్డులు నాలుగు. నా అంకె పదకొండు లక్షల నలభై వేలు. కోత పడింది నా వల్ల. గబ్బిలం లేదు. లేని గబ్బిలం కోసం మాబున్ని పైపులోకి పోయింది. నా అంకె పదకొండు లక్షల నలభై వేలు. తూములు మూయండి."

నవ్వు తెగిపోయింది. తాడు కోసినట్టు తెగింది. ఒక ముసలాయన గడపలో అలాగే రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఒక తల్లి పిల్లని లోపలికి లాక్కుంది. మైకులో అంకె! మొగుడూపెళ్ళాల మధ్య కూడా వెలుగు చూడని మాట రాతిగోడల మీద పడి తిరిగి తిరిగి వినబడుతోంది. నలభై వేలు, వేలు, వేలు.

మోచెయ్యి మీది పట్టు వదిలిపోయింది.

పైపులో ఊపు హోరు మొదలైంది. నేను కళ్ళు మూసుకున్నాను.

టక్.

మొదటి తూము మూతపడ్డ చప్పుడు ఒకటో వరుస నుంచి వచ్చింది. తరవాత ఇంకోటి. తరవాత లెక్క తెలియనన్ని, రాళ్ళ వాన పడినట్టు, ఈ గోడ నుంచి ఆ గోడకి టకటకా మూతపడుతూ పోయాయి. హోరు పెరుగుతూనే ఉంది. పెరిగి, వణికి, ఒక్కసారి ధడేల్మంది.

పెద్ద తలుపు పడింది. గుంతంతా నిశ్శబ్దం.

నేను మెట్లు దిగి పోయేసరికి మద్దిలేటీ, ఇంకో నలుగురూ తాడు పట్టి మాబున్నిని బయటికి లాగారు. కనుబొమల మీద తెల్లగా పొడి. పెదాలు నీలం. కుడిచేతి వేళ్ళు రెండు బిగుసుకుపోయి ఉన్నాయి. అవి సాయంత్రానికి కొసల దగ్గర నల్లబడ్డాయి. సుంకులమ్మ ఆమెని ఒళ్ళోకి తీసుకుని, పైటచెంగుతో చుట్టి, చేతులు రుద్దుతూ కూర్చుంది. మాబున్ని మైకు మాట వినలేదు. కళ్ళు తెరిచి నన్ను చూసి మెల్లగా అంది.

"గబ్బిలం లేదన్నా. వంపు దాకా చూసినా. లేదు."

చిట్టా 7. 33 డిగ్రీలు

నాలుగు రోజులు మిషను ముట్టుకోలేదు. జరిగింది టూకీగా చెప్తాను.

మాబున్ని వెనక వరస సంచులు కూడా పోయాయి. విషయం తెలిసిన రోజు ఫకృద్దీన్ రాయి కోసే చేత్తో నా చెంప మీద ఒకటిచ్చాడు. అది బాకీ కింద జమ. మాబున్ని కొట్టలేదు, తిట్టలేదు. నేను గడపలో నిలబడితే, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"అరుపు బాగా అరిచినావు గిడ్డన్నా," అంది. "పిల్లదనుకుంటి. మచ్చిక చేసుకుందామని అరటిపండు ముక్క కొంగున కట్టుకోని పోయినా."



ప్లాంటు గోడకి కంపెనీ డబ్బు కట్టించుకునే కిటికీ ఒకటుంది, అందులోనూ అదే మిషను గొంతు. అక్కడికి నేనూ, సుంకులమ్మా పోయాం. ఆమె నాకు రెండడుగులు ఎడంగా నడిచింది. వెనకాల మద్దిలేటి వచ్చాడు. ఆయన వెనకాల ఇంకా జనం. కిటికీ గొంతు "మీ సమస్య ఏమిటి?" అంది. నేను నోరు తెరిచేలోపల మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు.

"నాది... నాది ఏడు లచ్చలు," అన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నేనూ కట్టలేకపోతాండా. వచ్చే నెల కోత నా వల్లే పడేది."

"నాది నాలుగు," అని వెనక నుంచి ఒకామె. తరవాత ఒకరి మీద ఒకరు. తువ్వాళ్ళు భుజాల మీదే ఉన్నాయి. కిటికీ గొంతుకి సానుభూతులు అయిపోయినట్టున్నాయి. రెండో రోజు పైనుంచి నిజం మనిషొకడు దిగాడు. మా ఉక్కలో చెమటలు కారుస్తూ, ఒక్కో ఇంటినీ పిలిచి మాట్లాడాడు.

ధర్మాత్ముడేం కాదు. అసలు ఒక్క రూపాయి వదల్లేదు. నా నాలుగు కార్డులూ నా చేతనే కత్తిరించాడు, ఆ పైన వడ్డీ ఆపాడు, జీతంలో సగం చొప్పున ఏళ్ళ తరబడి కట్టేలా రాయించాడు. కోత వరుస మీద నుంచి తీసి నా ఒక్కడి ఇంటి మీద పెట్టాడు. పూచీ మొత్తానికే ఎత్తేయమంటే అది తన చేతిలో లేదన్నాడు. మిగిలిన సగం జీతంలోంచి మాబున్ని సంచులకి నెలనెలా ఇస్తానని నేను మాటిచ్చాను. "మాట వద్దు, ముందు నెలది ఈడ పెట్టు," అంది ఆమె. పెట్టాను.

దండోరా ఉద్యోగం ఉంది. మైకు గది తాళం మాత్రం మాబున్ని దగ్గర ఉంటుంది. ఏ ప్రకటనైనా ముందు ఆమెకి చదివి వినిపించాలి. ఆమె నవ్వదు. ఆమె తల ఊపితే తప్ప తాళం రాదు.

చిట్టా 8. 33 డిగ్రీలు

ఈ చిట్టాని ఇప్పుడు జనం వింటున్నారని తెలిసింది. కాబట్టి ఇందులో నేను కల్పించినవి ఏవో నేనే చెప్పేస్తాను.

బల్లి గుడ్లు పెట్టలేదు. దండోరా గదిలో అసలు బల్లి లేదు.

మాబున్ని మీద మాట పడకూడదని గబ్బిలాన్ని పుట్టించానన్నాను. అబద్ధం. నా మీద పడకూడదని పుట్టించాను. చూపులు ఆమె మీద ఆగినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

అమ్మ కోసం అప్పు చేశాననడం అబద్ధం. నేను మొదటి కార్డు తీసుకునేసరికి అమ్మ పోయి రెండేళ్ళు. ఆమెకి గుండెజబ్బు లేదు, తూము గాలి గిట్టేది కాదు, ఈతాకు విసనకర్రతోనే పోయింది. ఆ అప్పు పందాలది. పందెం ఓడినవాడు సాయంత్రం తన తూము పూర్తిగా విప్పి, వరుసంతటినీ ఇంట్లో కూర్చోబెట్టాలని మా దగ్గర ఒక అలవాటుంది. నేను గెలిచినా విప్పేవాణ్ణి. 'గిడ్డన్న ఇంట్లో కూసుంటే ఊటీనప్పా' అని పదిమందీ అనుకుంటూ పోతుంటే ఆ మాట కోసం మళ్ళీ గీకేవాణ్ణి.

మాబున్ని పైపులోకి పోయింది నిజం. అరటిపండు ముక్క నిజం. ఆ వేళ్ళు నిజం. తూములు మూసినవాళ్ళందరూ నిజం.

ఇక అంకె. మైకులో నేను చెప్పిన అంకె కూడా తక్కువ చెప్పిందే. పైపులో మనిషి గడ్డకడుతున్నప్పుడు కూడా నా నోరు ఒకదాన్ని దాచుకుంది. కార్డులు నాలుగు కావు, అయిదు. అయిదోది మన కంపెనీది కాదు, పైన ఇంకో కంపెనీది.

ఇందాక అన్నం తిన్నాక సుంకులమ్మ పక్కన కూర్చుని, మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి, దాని కిందికి చెయ్యి జాపాను. ఆమె ఆ తువ్వాలు వైపు చూసింది. చెమటతో ముఖం నిగనిగలాడుతోంది. మా ఇంట్లో ఇప్పుడు ముప్పై మూడు. తువ్వాలు లాగి మూలకి విసిరేసింది.

"ఇంగా ఉండాదా?" అంది.

"ఉంది."

"నోటితో చెప్పు."

చెప్పాను. ఆమె లేచిపోలేదు. మొత్తం ఎంతయిందో కూడి చెప్పమంది. ఏడో తరగతివాణ్ణి, వేళ్ళు మడుస్తూ లెక్క కట్టాను. మీకూ అదే చెప్తున్నాను. పదమూడు లక్షల ముప్పై వేలు.